నర్సీపట్నం రేటు

నర్సీపట్నంలో ప్రస్తుతం నూట పద్ధెనిమిది మంది లక్షాధికారులున్నారు. ఈ అంకె 1988 మార్చి ముప్పై ఒకటో తేదీ నాటిది. ఆ తర్వాత ఇద్దరు పోయారు గాని, వాళ్ల లక్షలు వారసులకి సంక్రమించాయి కనుక లెక్కలో మార్పు లేదు. ఊళ్లో మురుగుకాలవలు ఎక్కడివక్కడే ఉన్నాయనీ, ఈ నూట పద్ధెనిమిది మందిలో సైకిలుకి కొత్త టైరు వేయించుకోగలిగినవాళ్లు పాతికమంది కూడా లేరనీ గిట్టనివాళ్లు అంటూంటారు. అననివ్వండి. మురుగుకాలవ లేనంత మాత్రాన మనిషి లక్షాధికారి కాకుండా పోతాడా?

నా పేరు సోమన్న. బస్టాండు ఎదర టైపు ఇనిస్టిట్యూటు నాదే. మూడు మిషన్లున్నాయి, రెండు పనిచేస్తాయి. ఈ లక్షాధికారుల సంఘానికి కార్యదర్శిని కూడా నేనే, ఎందుకంటే ఊళ్లో మరెవరి దగ్గరా టైపు మిషను లేదు. ఏటా సంఘం తరఫున నివేదిక రాయడం నా విధి. ఈ ఏడు మాకవరపాలెం అచ్చియమ్మ అనే ఆవిడ బియ్యం కార్డు కోసం ఊరంతా తిరిగి చేసిన గొడవ గురించి పూర్తి వివరాలతో రాయమని సభ్యులు కోరారు. రేపు ఎవరైనా మమ్మల్ని రాతిగుండెవాళ్లని అంటారేమోనని వాళ్ల భయం. కాబట్టి మొదటినుంచీ చెబుతాను. తొందరపడకండి.

మాకు ఈ ఐశ్వర్యం ప్రసాదించిన మహానుభావుడు మన్మథరావు గారు. అప్పటికి ఆయన పొదుపు పత్రాల ఏజెంటు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, నోట్లో ఎప్పుడూ ఒక శుభవార్త. 1985 వేసవిలో ఆయన విశాఖపట్నం నుంచి సంచీ నిండా దరఖాస్తు ఫారాలు పట్టుకుని బస్సు దిగి, తిన్నగా నా ఇనిస్టిట్యూటుకి వచ్చారు. హైదరాబాదులో విశ్వతరంగ్ కంప్యూటర్స్ లిమిటెడ్ అని కంపెనీ పుట్టిందట. షేరు పది రూపాయలు. తక్కువలో తక్కువ వంద కొనాలి. సాయంత్రానికల్లా ముప్పై మంది చేరారు. టైపు నేర్చుకునేవాళ్లని బయటికి పంపించి, ఆ స్టూళ్లమీద పెద్దల్ని కూర్చోబెట్టాను.

మన్మథరావు గారు నా పాడైన మిషను మీద చెయ్యి వేసి నిలబడి ఇలా ఉపన్యసించారు: "అయ్యా, ఇవాళ దేశంలో కంప్యూటర్లు చేసే కంపెనీలు నలభై ఉన్నాయనుకోండి. పదేళ్లు పోనివ్వండి. ఎన్ని మిగుల్తాయి? ఒక్కటి! ముప్పై తొమ్మిదీ మట్టికొట్టుకుపోతాయి. ఆ ఒక్కటీ చెప్పిందే ధర, పెట్టిందే పేరు. కొంటే దాని దగ్గర కొనాలి, లేకపోతే నోరుమూసుకుని ఇంటికిపోవాలి. ఆ ఒక్కటి ఏదో ఇవాళే పసిగట్టినవాడు మొనగాడు. రేపు పసిగట్టినవాడు వాడి గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడతాడు."

ఒక్కటే కంపెనీ మిగలడం, అది చెప్పిందే ధర కావడం అనే సిద్ధాంతం మాకు ఇంకెవరూ వివరించనక్కర్లేదు. మా ఊళ్లో కిరసనాయిలు ఒక్కడే అమ్ముతాడు. వాడు కొట్టు తెరిచినప్పుడే మాకు తెల్లవారినట్టు. అలాంటివాడి పక్షాన ఒక్కసారి నిలబడే యోగం పడుతుందని తెలిసేసరికి అందరి మొహాలూ వెలిగిపోయాయి.

అయితే ఆ మిగిలే ఒక్కటీ ఇదేనని నమ్మకమేమిటని వెనకనుంచి ఎవరో అడిగారు. మిగతా ముప్పై తొమ్మిదింటి ఫారాలూ తన దగ్గర లేవని మన్మథరావు గారు జవాబిచ్చారు. ఆ జవాబులో లోపం ఎవరికీ కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

ఒక్క యేసురాజు గారికే ఒక అనుమానం మిగిలింది. ఆయన బియ్యం కార్డుల సెక్షనులో గుమస్తా. మిషన్ గుడికి, అంటే మా ఊరి చర్చికి, కోశాధికారి కూడాను. నెమ్మదస్తుడు, ఏ కాగితమైనా రెండువైపులా చదివిగాని వదలడు.

"ఇంతకీ ఆ మిషను చేసే పని ఏటండీ?" అన్నారాయన.

"లెక్కలు వేస్తుంది. తప్పు చెయ్యదు. సెలవు పెట్టదు. లంచం అడగదు."

యేసురాజు గారు చేతిలో ఫారం మడిచి బల్లమీద పెట్టేశారు. "అలాగైతే గవర్నమెంటు కొనదండీ. గవర్నమెంటు కొనకపోతే ఇంకెవరు కొంతారు?" అని లేవబోయారు. స్టూళ్లు కదిలాయి.

మన్మథరావు గారిది ఎంత పాదరసం బుర్రో అప్పుడు చూశాం. "మిషను అడగదన్నాను గాని, మిషను ముందు కూర్చునే మనిషిని వద్దన్నానా?" అన్నారు. హమ్మయ్య అనుకున్నారందరూ. ఆ రాత్రికి నలభై ఫారాలు, నెలాఖరుకి నూట పద్ధెనిమిది నిండాయి. వాటిలో ఒకటి మన్మథరావు గారిదే, ఆయన కూడా అందరితోపాటు వంద కొన్నారు.

మిగతా కంపెనీలు లాటరీ తీసి, వందమంది అడిగితే పదిమందికిచ్చి, తొంభైమందిని ఏడిపిస్తాయట. విశ్వతరంగ్ వారు అలాంటి పక్షపాతం చూపలేదు. అడిగిన ప్రతివాడికీ అడిగినన్ని ఇచ్చారు. షేరుకొక కాగితం చొప్పున మనిషికి వంద దళసరి కాగితాలు రిజిస్టర్డు పోస్టులో వచ్చాయి. అంచులచుట్టూ ఆకుపచ్చ తీగలు, నడుమ భూగోళం, కింద ఎవరిదో గొప్ప సంతకం. ఆ కంపెనీ తయారుచేసిన సరుకులో మా ఊరు చేరింది ఈ నాటికీ ఆ కాగితమే. నాణ్యతకి వంక పెట్టలేం, మూడేళ్లయినా చెద పట్టలేదు.

ఇక మా అదృష్టం తిరిగిన రోజు గురించి చెప్పాలి. అది ఆ ఏడు నవంబరులో మిషన్ గుడిలో జరిగిన కోత పండగ.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. కోత పండగనాడు గుడిలో ఎవరి పంటలో తొలిఫలం వాళ్లు దేవుడికి సమర్పిస్తారు. గుమ్మడికాయ, అరటిగెల, కోడిపుంజు, కుంచెడు ధాన్యం. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వేలంలో పాడుకున్నవాడు డబ్బు గుడికి కట్టి, ఆ వస్తువుని ఇంటికి పట్టుకుపోడు. మళ్లీ దేవుడికే ఇచ్చేస్తాడు. దాన్ని మళ్లీ వేలం వేస్తారు. ఆ విధంగా మూడు రూపాయల గుమ్మడికాయ సాయంత్రానికి ఆరుసార్లు అమ్ముడై మూడొందలు తెస్తుంది. గుడికి పెంకు మారుతుంది, గోడకి సున్నం పడుతుంది. చక్కటి ఆచారం. గుమ్మడికాయ ఖరీదు మూడొందలని ఆ గుడిలో ఏ ముసలమ్మా ఇన్నేళ్లలో పొరపాటున కూడా అనుకోలేదు.

గుమ్మడికాయ విషయంలో వచ్చిన ఈ తెలివి కాగితం విషయంలో రావాలని ఎక్కడా రాసి లేదు కదా.

యేసురాజు గారికి పొలం లేదు. ఆ ఏడు ఆయన ఇంట కాసిన కాపు ఈ షేర్లే. కాబట్టి వందలో ఒకటి తీసి, పళ్లెంలో పెట్టి, తొలిఫలంగా సమర్పించారు. వరదానం పాస్టరుగారు దాన్ని అరటిగెలకీ కోడిపుంజుకీ మధ్య పెట్టి ప్రార్థన చేశారు. వేలం పాడే పని ఇంగ్లీషు మాస్టారు జాన్ బాబుది. ఆయన గొంతు విప్పితే బస్టాండుకి వినబడుతుంది.

"పది రూపాయల కంప్యూటర్ కాగితం! ఎవరి పాట?"

మొదటిసారి యాభైకి పోయింది. తిరిగొచ్చింది. రెండోసారి నూట ఇరవై. తిరిగొచ్చింది. గుమ్మడికాయ లాగే తిరిగి తిరిగి పళ్లెంలోకే వచ్చింది. ఆరోసారికి పోటీ ఇద్దరి మధ్య పడింది. ఒకరు జ్ఞానమణి గారు, మిషనాసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన పెద్దావిడ. రెండోవారు కంట్రాక్టరు దేవుళ్లు గారు. ఆయన సింహాచలం అప్పన్న భక్తుడైనా, గుడి మరమ్మతులు తనవే కనుక ఏటా వచ్చి ధారాళంగా పాడతారు.

"వెయ్యి" అన్నారు జ్ఞానమణి గారు, మెల్లిగా.

"వెయ్యిన్నూట పదహారు!" అన్నారు దేవుళ్లు గారు, లేచి నిలబడి.

"మూడోసారి!" అన్నారు జాన్ బాబు. చప్పట్లు మోగాయి. దేవుళ్లు గారు డబ్బు లెక్కపెట్టి, "ఆ కాయితం నాకెందుకండీ, మీకాడే ఉంచండి" అని పళ్లెంలో పడేశారు. ఈ చివరి మాట నివేదికలో చేర్చకూడదని సంఘం తీర్మానించింది కనుక చేర్చడం లేదు.

మర్యాదకోసం వచ్చి వెనకబల్ల మీద కూర్చున్న మన్మథరావు గారు అప్పుడు లేచారు. ఆయన కళ్లలో నీళ్లు. "పదిమందిలో, దేవుడి సన్నిధిలో, నోరారా పాడిన రేటు ఇది. దీనికన్నా నిజమైన రేటు బొంబాయిలో ఉంటుందా? అక్కడ గుడి ఉందా? పాస్టరుగారున్నారా? షేరు ఒక్కింటికి వెయ్యిన్నూట పదహారు! వంద షేర్లున్న ప్రతి ఇంట్లో ఇవాళ లక్షా పదకొండువేల ఆరువందలున్నాయి. అయ్యా, ఇళ్లకి వెళ్లి తలుపులు గడియ పెట్టుకోండి!"

అందరం పరుగున ఇళ్లకి పోయి తలుపులు గడియ పెట్టుకున్నాం.

జ్ఞానమణి గారు మాత్రం గుడిమెట్ల మీద నిలబడి, కనబడినవాళ్లందరికీ చెప్పబోయారు: "మనవడికి జ్వరం తగ్గిందని దేవుడికిద్దామని పాడాను నాయనా. ఆ కాగితం మీద ఏం రాసుందో కూడా నేను చూళ్లేదు." పెద్దావిడ, పాపం, సంతోషం తట్టుకోలేక తబ్బిబ్బవుతోందనుకున్నాం.

మర్నాటి పేపర్లో విశ్వతరంగ్ షేరు ఏడు రూపాయల నలభై పైసలని పడింది. అచ్చుతప్పని జాన్ బాబు మాస్టారు సంపాదకుడికి ఉత్తరం రాశారు. తర్వాతి వారం ఆరూ పది పడింది. బొంబాయికి ట్రంకు కాల్ దొరకడానికి ఎన్ని గంటలు పడుతుందో అందరికీ తెలిసిందే కనుక, మన రేటు అక్కడికి ఇంకా చేరలేదని దేవుళ్లు గారు తేల్చారు. ఆ పేజీ చూడడం మానేశాక ఈ చికాకు కూడా పోయింది.

ఇప్పుడు అచ్చియమ్మ దగ్గరికి వస్తున్నాను. ఆవిడ మొగుడు తాతబ్బాయి మాకవరపాలెం రైతు. కొండవార రెండెకరాల జీడితోట ఉంది. తోట కాగితాలు తాతబ్బాయి పేరున ఉన్నాయి గాని, మొక్క మొక్కకీ బిందెతో నీళ్లు మోసింది అచ్చియమ్మ. పన్నెండేళ్లు మోసింది. ఆవిడ భుజం ఒకపక్కకి వాలిపోయి ఉంటుంది, చూస్తే తెలుస్తుంది. ఏడాది పొడుగునా ఆ ఇంటి తిండీ గుడ్డా ఆ జీడిపిక్కల మీదే.

ఫారాలు పంచిన రోజుల్లో తాతబ్బాయి కొనలేదు. ఊరు ఊరంతా లక్షాధికారులైపోయాక అతనికి నిద్రపట్టడం మానేసింది. నర్సీపట్నం సంతకి వచ్చినప్పుడల్లా మన్మథరావు గారి వెంటపడేవాడు. "నాకూ ఒక వంద ఇప్పించండి బాబూ" అని చేతులు పట్టుకునేవాడు. వారాల తరబడి బతిమాలించుకుని, చివరికి మన్మథరావు గారు ఒక త్యాగానికి సిద్ధపడ్డారు. తన సొంత వంద షేర్లు, అక్షరాలా లక్షా పదకొండువేల ఆరువందల రూపాయల ఆస్తి, ఒక మామూలు జీడితోటకి మార్పుగా ఇచ్చేస్తానన్నారు. అంత నష్టానికి ఎందుకు ఒడిగడుతున్నారని మేమే కోప్పడ్డాం. "రైతు బాగుపడాలండీ" అన్నారాయన.

అచ్చియమ్మ ఒక్కతే అడ్డం తిరిగింది.

"ఏటి మావా, ఆ కాయితం పిక్కలు కాస్తాదేటి?"

"నీకేటి తెలుసే! ఊరంతా లచ్చాధికారులైపోతంటే మనం జీడిపిక్కలేరుకుంటా కూకోవాలా?"

"ఏరుకుంటేనే కదా తింతన్నాం."

ఇలాంటి కురచ చూపువల్లే మన దేశంలో పరిశ్రమలు ఎదగడం లేదు. అదృష్టవశాత్తు తోట ఆవిడ పేరున లేదు. ఆ శుక్రవారమే రిజిస్ట్రేషను అయిపోయింది. సాక్షి సంతకం నేనే పెట్టాను. ఆ మర్నాడే మన్మథరావు గారి ప్రేరణతో మా సంఘం ఏర్పడింది. మొదటి తీర్మానం: షేరు రేటు వెయ్యిన్నూట పదహారు. రెండో తీర్మానం: అంతకి పైసా తక్కువకి ఎవరూ అమ్మకూడదు. ఆ రేటుకి కొనేవాడు భూమ్మీద లేడు కాబట్టి అమ్మకం జరగలేదు, అమ్మకం జరగలేదు కాబట్టి రేటు పడలేదు. ప్రపంచంలో ఏ షేరైనా ఇన్నాళ్లు ఒక్క పైసా పడకుండా నిలబడిందా, చెప్పండి. బస్టాండు గోడమీద ఎర్రరంగుతో రేటు రాయించాం. వానకి వెలిసినప్పుడల్లా మళ్లీ దిద్దిస్తున్నాం.

దీనివల్ల కలిగిన ప్రయోజనాలు అనేకం. శుభలేఖల్లో పేరు పక్కన 'షేర్‌హోల్డరు' అని అచ్చవుతోంది. టీకొట్టువాడు మాకు సాసరుతో ఇస్తున్నాడు. మా ఇంటావిడ మహాలక్ష్మమ్మ పెళ్లయిన పద్ధెనిమిదేళ్లలో నన్ను 'ఇదిగో' అనే పిలిచేది. ఆ కోత పండగ మర్నాటినుంచి 'ఏవండీ' అంటోంది. ఈ సుఖం విలువ ఏ బ్రోకరు కట్టగలడు?

తాతబ్బాయి కూడా సంఘంలో చేరాడు. తెల్లచొక్కా కుట్టించుకున్నాడు. లక్షాధికారి కూలికి పోకూడదని సంఘం నియమం, పోతే రేటు పడుతుంది కదా. అందుకని రోజూ మాకవరపాలెం నుంచి నడిచి వచ్చి, సంఘం బల్లమీద కూర్చుని, సాయంత్రం నడిచి వెళ్లేవాడు. అచ్చియమ్మకి సభ్యత్వం లేదు కనుక కూలికి పోవడానికి ఏ అభ్యంతరమూ లేదు. ఆవిడ తాను పెంచిన తోటలోనే, మన్మథరావు గారి దగ్గర, పిక్కలు వలిచే పనికి కుదిరింది. జీడిసొన తగిలి ఆవిడ వేళ్లు నల్లగా కాలి పగిలాయి. కూలి మాత్రం మన్మథరావు గారు సక్రమంగా ఇచ్చేవారు. ఎవరి మంచి వాళ్లకి చెప్పాలి.

1987లో హైదరాబాదు నుంచి అందరికీ ఒకేరకం ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. జాన్ బాబు మాస్టారు గొంతెత్తి చదివారు. కంపెనీకి తాళం పడిందనీ, కోర్టువారు ఆస్తులు స్వాధీనం చేసుకుంటున్నారనీ, వాటాదారులకి ఏమైనా మిగిలేలా లేదనీ దాని భావం. తర్వాత దేవుళ్లు గారు గొంతు సవరించుకున్నారు. "తాళం వేశారంటే లోపల సరుకు ఉన్నట్టే కదా" అన్నారు. అందరికీ ప్రాణం లేచివచ్చింది. రేటు యథాతథంగా కొనసాగాలని తీర్మానించి పకోడీలు తిన్నాం.

ఆ ఏడు వానల్లేవు. మర్నాడు కూలి దొరుకుతుందో లేదో తెలియని రోజులు. జీడికాపు అయిపోయాక తోటలోనూ పనుండదు. అచ్చియమ్మ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, ముసలి అత్త, తెల్లచొక్కా తాతబ్బాయి. పొయ్యి రోజుకొకసారి వెలగడం మొదలైంది. అప్పుడు ఎవరో చెప్పారు, రెండు రూపాయలకి కిలో బియ్యమిచ్చే కార్డుందని. ఆవిడ నెత్తిమీద కొంగు వేసుకుని యేసురాజు గారి బల్లముందు నిలబడింది.

యేసురాజు గారు దరఖాస్తు రెండువైపులా చదివారు. "అమ్మా, ఏడాదికి ఆరువేలు మించి రాబడి ఉన్నవాళ్లకి ఈ కార్డు రాదు. మీ ఆయన లక్షా పదకొండువేల ఆరువందల ఆసామీ. బస్టాండు గోడమీద రాసుంది. నేనెలా ఇవ్వను?"

"మరి మిగతా లచ్చాధికారులకి కార్డులున్నాయి కదా బాబూ?"

"వాళ్లు పేదవాళ్లుగా ఉన్నప్పుడు తీసుకున్నారు. పాత కార్డులు తిరగదోడమని రూలు లేదు. నీది కొత్తది."

"ఆ కాయితాలకి ఇలవ లేదు బాబూ. కంపినీ మూసీసినారట."

"ఆ మాట నువ్వంటే చాలదమ్మా." యేసురాజు గారు నిజంగానే జాలిపడ్డారు. ఆయన చెడ్డమనిషి కాడు. "వాటాదారు ఎవరైనా సరే, ఒక్కరు, ఆ షేర్లకి చిల్లిగవ్వ విలువ లేదని రాసి సంతకం పెట్టి పట్రా. ఆ పూటే కార్డు రాసిస్తాను."

"నీ కాడా ఉన్నాయి కదా. నువ్వే పెట్టీ బాబూ."

"దరఖాస్తు తీసుకునే చేత్తో సంతకం ఇవ్వకూడదమ్మా. రూలు" అని ఆయన ఫైలు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఆవిడ నా ఇనిస్టిట్యూటుకి వచ్చి ఆ కాగితం టైపు చేయించుకుంది. రెండు రూపాయలిచ్చింది. నాలుగే వాక్యాలు, తప్పులు లేకుండా కొట్టాను, కింద సంతకానికి చోటు వదిలాను. అది పట్టుకుని ఊరంతా తిరగడం మొదలుపెట్టింది. దాదాపు నెలరోజులు తిరిగింది.

దేవుళ్లు గారు కుర్చీ వేయించి కూర్చోబెట్టారు. కూతురికి యలమంచిలి సంబంధం ఖాయమయ్యేదాకా ఆగమన్నారు. వియ్యంకుడు షేర్లు చూసే ఒప్పుకున్నాడట. జాన్ బాబు మాస్టారు కాగితం చదివి, రెండుచోట్ల భాష బాగుచేసి, సంతకం పెట్టకుండా తిరిగిచ్చారు. వరదానం పాస్టరుగారు ఆవిడ తలమీద చెయ్యిపెట్టి ప్రార్థించి, తవ్వెడు బియ్యం కొంగులో పోశారు. సంతకం సంగతి అడిగితే, ఆ తొలిఫలం కాగితానికి పటం కట్టించి గుడిలో పెట్టామనీ, అది చిల్లిగవ్వ చెయ్యదని తన చేత్తో తను రాస్తే గుడి సంఘస్థులు నొచ్చుకుంటారనీ చెప్పారు. జ్ఞానమణి గారు మాత్రం కళ్లజోడు కూడా పెట్టుకోకుండా పెన్ను అందుకున్నారు. ఆవిడకి ఒక్క షేరూ లేదు, కాబట్టి ఆ సంతకం చెల్లదన్నారు యేసురాజు గారు. దాన్ని కొట్టేసి, ఇంకో రెండు రూపాయలు తీసుకుని, మళ్లీ శుభ్రంగా టైపు చేసిచ్చాను.

చివరికి అచ్చియమ్మ మన్మథరావు గారి దగ్గరికి వెళ్లింది. ఆయన తోటలో మంచం వేసుకుని పడుకున్నారు. "నా దగ్గర ఒక్క షేరూ లేదే అమ్మా, అన్నీ నీ మొగుడికే ధారపోశాను" అన్నారు. ఆ మాట నిజమే. షేర్లు లేని నిరుపేద కాబట్టి ఆయనకి నిరుడే బియ్యం కార్డు మంజూరైంది. ఆ బియ్యం దొడ్డురకం, ఆయనకి సయించదు. అందుకని నెలనెలా విడిపించి, కిలో నాలుగు రూపాయల చొప్పున అచ్చియమ్మకే అమ్మి, డబ్బు వచ్చే కాపుకి ఆవిడ చెయ్యబోయే కూలిలో పట్టుకునేట్టు రాసుకుంటున్నారు. బయట అంగట్లో ఐదు. ఆ రూపాయి మినహాయింపు పాత పరిచయం కొద్దీ ఇస్తున్నదేనని మమ్మల్ని నివేదికలో రాయమన్నారు, రాశాను.

ఒక సాయంత్రం ఆవిడ మళ్లీ నా దగ్గరికి వచ్చింది. కాగితం మడతలదగ్గర చిరుగులు పట్టింది. టైపు నేర్చుకునేవాళ్లు వెళ్లిపోయారు, మేమిద్దరమే ఉన్నాం.

"సోమన్న బాబూ, ఊరంతా అయిపోనాది. నువ్వొక్కడివే మిగిలినావు. నీ కాడా వంద ఉన్నాయి కదా. నీ పేరు ఎవులికీ సెప్పను. పిల్లలు నిన్నటినుంచి గంజి మీదే ఉన్నారు. ఎట్టీ బాబూ, బేగి ఎట్టీ, ఆపీసు మూసీకముందు అట్టుకుపోతాను."

నేను రాతిగుండె మనిషిని కాదు. పెన్ను మూత తీశాను. చెప్పొద్దూ, నిబ్బు కాగితానికి ఆనించాను కూడా. అప్పుడు వెనకవీధిలోంచి మహాలక్ష్మమ్మ కేక వినబడింది, "ఏవండీ, కాఫీ చల్లారిపోతోంది" అని.

ఈ ఒక్క గీత గీస్తే రేపట్నుంచి నేనెవరిని? రెండు మిషన్ల సోమన్నని. 'ఇదిగో'ని. నేను ఒకణ్ణి పోతే పోనీ, నూట పద్ధెనిమిది ఇళ్ల లక్షలు నా ఒక్క సంతకంతో ఆవిరైపోతాయే! అంత పాపం మూటగట్టుకోడానికి చేతులెలా వస్తాయి? పెన్ను మూత పెట్టేశాను. పెట్టేసి, ఊరికే ఉండలేక, ఒక ఉచిత సలహా కూడా ఇచ్చాను.

"అయినా మా అందరిచుట్టూ ఎందుకమ్మా తిరగడం? మీ తాతబ్బాయి కూడా వాటాదారే కదా. రూలు ప్రకారం అతని సంతకమూ చెల్లుతుంది. ఇంట్లో మనిషిని వదిలేసి..."

అచ్చియమ్మ కాగితం మడిచి రొమ్ముకి అదిమి పట్టుకుంది.

"ముందు ఆడినే అడిగినాను బాబూ. కంచం ముందు కూకోబెట్టి అడిగినాను. 'ఈ సంతకం ఎడితే తోట ఊరికినే పోయినట్టు కదే' అన్నాడు. అన్నం ముట్టకుండా లెగిసిపోనాడు. ఆడు ఎట్టడు."

ఆవిడ వెళ్లిపోయింది. కాగితం బల్లమీదే వదిలేసింది. నాకు ఆ పూట కాఫీ దిగలేదు, ఆ మాట కూడా నివేదికలో ఉండాలి.

ఈ విషయమై ఏప్రిల్ మూడో తేదీన జరిగిన సర్వసభ్య సమావేశంలో సంఘం కింది విధంగా తీర్మానించింది. అచ్చియమ్మ కుటుంబం పట్ల సంఘం ప్రగాఢ సానుభూతి తెలుపుతోంది. సదరు కాగితం కార్యదర్శి బల్లమీద భద్రంగా ఉంది, సంతకానికి చోటు ఖాళీగానే ఉంది. నర్సీపట్నంలో ఎవరికీ వీలుపడలేదు కనుక, దేశంలో ఏ ఊరివారైనా, ఎవరూ కొనని ఇలాంటి కాగితాలు పెట్టెలో దాచుకుని వాటి రేటు చెప్పుకుంటూ తలెత్తుకు తిరిగే పెద్దమనుషులెవరైనా, అంటే ఈ నివేదిక చదువుతున్న మీలాంటివారు, వచ్చి ఆ సంతకం పెట్టి ఆవిడకి కార్డు ఇప్పించవచ్చు. రానూపోనూ బస్సు ఛార్జీలు, భోజనం సంఘం భరిస్తుంది. మీరెవరూ రారని తెలుసు కాబట్టి, ఖర్చు గురించి ఒక్క సభ్యుడు కూడా అభ్యంతరం చెప్పలేదు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. తాతబ్బాయి కూడా చెయ్యెత్తాడు.